నాన్నగారి ఆఖరిచూపుకు సాయపడిన విమాన సిబ్బందికి కృతజ్ఞత ఎలా చెప్పాలి?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. ముందుగా నాన్నగారి విషయంలో నా సానుభూతి. మిగతావాళ్ళకూ అర్థం కావడానికి మీరు రాసినదాన్ని నాలుగు మాటల్లో చెప్తాను.

నాన్నగారికి సీరియస్‌గా ఉందని తెలిసి డాలస్ నుంచి బయల్దేరారు. మధ్యలో విమానం మారే చోట ఫోన్ ఆన్ చేయగానే ఆయన పోయారన్న కబురు. మీ తర్వాతి విమానానికి ఇంకా చాలా గంటల టైముంది. ట్రాన్సిట్ కౌంటర్‌లో ఒక అమ్మాయి మీ పరిస్థితి చూసి అంతకంటే ముందు వెళ్ళే విమానంలోకి మార్చింది. విమానంలో క్రూ మిమ్మల్ని వెనక ఖాళీ వరుసలో కూర్చోబెట్టి, ల్యాండ్ అయ్యేదాకా మాటిమాటికీ వచ్చి చూసుకున్నారు. అందరికంటే ముందు దింపారు. శంషాబాద్‌లో మీ పేరు రాసిన కాగితం పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు, ట్యాక్సీ ఎక్కేదాకా వెంట ఉన్నాడు. తెనాలిలో అన్నయ్యగారు నాన్నగారిని ఐస్ బాక్స్‌లో ఉంచి మీ కోసం ఆగారు. ఆఖరిచూపు దక్కింది. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇప్పుడు వాళ్ళందరికీ కృతజ్ఞత చెప్పాలని ఉంది, కానీ ఒక్కరి పేరూ తెలియదు. రాస్తే అందుతుందా, ఏమైనా బహుమతి పంపాలా, తిరుగు టికెట్ తేదీ మార్చినందుకు తీసుకున్న డబ్బు సంగతి కూడా అదే ఉత్తరంలో అడగొచ్చా అని మీ ప్రశ్నలు. అన్నయ్యగారేమో "వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేశారు, జీతం తీసుకుంటున్నారుగా" అంటున్నారు.

నేను బేగంపేట రోజుల నుంచీ విమానాశ్రయంలో గ్రౌండ్ సర్వీసెస్‌లో పనిచేశాను. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు అక్కడికి మారాం. డ్యూటీ మేనేజర్‌గా రిటైర్ అయ్యాను. కౌంటర్‌కు అవతలి వైపు నుంచి నాకు తెలిసింది చెప్తాను.

అన్నయ్యగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. మిమ్మల్ని క్షేమంగా చేర్చడం, మర్యాదగా మాట్లాడడం డ్యూటీయే. కానీ మీ టికెట్ ఏ విమానానికి కొన్నారో ఆ విమానం ఎక్కించడం వరకే ఆ డ్యూటీ. ముందు విమానంలోకి మార్చడం అంటే కంప్యూటర్‌లో ఒక మీట నొక్కడం కాదు. అందులో సీటు ఉండాలి. మీ టికెట్ ధర తరగతి దానికి సరిపోకపోతే పైవాళ్ళ అనుమతి తీసుకోవాలి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి సామాను. అంతర్జాతీయ ప్రయాణంలో మనిషి ఒక విమానంలో, చెక్-ఇన్ చేసిన పెట్టె ఇంకో విమానంలో వెళ్ళడానికి భద్రతా నియమాలు మామూలుగా ఒప్పుకోవు. అంటే కింద బ్యాగేజీ సెక్షన్‌కు ఫోన్ చేసి, మీ పెట్టె ఎక్కడుందో వెతికించి, పాత ట్యాగ్ తీసి కొత్తది కట్టించి, ఆ విమానం హోల్డ్, అంటే కింద సామాను పెట్టే గది, మూసేలోపు ఎక్కించాలి. ఆ అమ్మాయి ముందు అప్పటికే ఒక క్యూ ఉండి ఉంటుంది. ఆ క్యూలో "ఎంతసేపమ్మా" అని గొణిగేవాళ్ళూ ఉండి ఉంటారు. "సారీ మేడమ్, ఫ్లైట్ క్లోజ్ అయింది" అని ఒక్క మాట అని ఉంటే ఆమెను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఆ మాట అనకపోవడానికి జీతం ఇవ్వరు.

ఇక మీకు కాకతాళీయంగా అనిపించిన ఒక సంగతి. "అన్ని చోట్లా మంచివాళ్ళే ఎదురయ్యారు, దేవుడి దయ" అని రాశారు. దేవుడి దయ కాదనను. కానీ మీ పీఎన్‌ఆర్‌లో, అంటే ఆ ఆరు అక్షరాల బుకింగ్ నంబరు కింద, ఎవరో ఒక లైను టైప్ చేసి ఉంటారు. ప్రయాణికురాలి తండ్రి చనిపోయారు, సాయం అవసరం అని. ఆ లైను తర్వాతి స్టేషన్ వాళ్ళకు కనిపిస్తుంది. గేటు దగ్గర ఉన్నవాళ్ళు దాన్ని క్యాబిన్ సూపర్‌వైజర్‌కు చెప్తారు. క్రూ మీకు వెనక వరుస ఖాళీ చేసి ఉంచింది అందుకే. శంషాబాద్‌లో కాగితం పట్టుకుని నిలబడ్డ కుర్రాడు కూడా ఆ లైను వల్లే వచ్చాడు. మా భాషలో దాన్ని "మీట్ అండ్ అసిస్ట్" అంటాం. మామూలుగా ముందే అడిగినవాళ్ళకో, డబ్బు కట్టినవాళ్ళకో పంపిస్తాం. మీరు అడగలేదు. అడిగే స్థితిలో కూడా లేరు. మీ తరఫున ఎవరో అడిగారు.

ఇలాంటి గొలుసు ఎంత దూరం పనిచేస్తుందో చెప్పడానికి అమెరికాలో 2013లో జరిగిన ఒక సంఘటన బాగా తెలిసిందే. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హ్యూస్టన్ మీదుగా టెక్సస్‌లోని లబక్ వెళ్తున్న ఒకాయన తల్లి చివరి ఘడియల్లో ఉంది. మొదటి విమానం ఆలస్యమైంది. హ్యూస్టన్‌లో దొరకాల్సింది ఆ రోజుకు ఆఖరి విమానం. ఆయన సీట్లో ఏడుస్తుంటే క్రూ చూసి సంగతి కనుక్కున్నారు, కెప్టెన్‌కు చెప్పారు. కెప్టెన్ రేడియోలో ముందుగా కబురు పంపారు. ఆయన పరుగెత్తుకుంటూ గేటు చేరేసరికి అక్కడి ఉద్యోగి పేరు పెట్టి పలకరించి, మీ కోసమే చూస్తున్నాం అన్నారు. విమానం ఆగి ఉంది. ఆయన పెట్టె కూడా అదే విమానంలో వచ్చింది. తల్లిని చూడగలిగారు, మర్నాడు ఆమె పోయింది. ఇందులో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ పెట్టె సంగతే. అంత హడావిడిలో ఎండలోనో వానలోనో టార్మాక్ మీద ఒక లోడర్ ఆ పెట్టె కోసం వెతికి ఉంటాడు. వార్తల్లో పైలట్ వస్తాడు, గేటు ఉద్యోగి వస్తుంది. లోడర్ ఎప్పుడూ రాడు.

విమానం ఆపడం ఎంత పెద్ద విషయమో బయటివాళ్ళకు తెలియదు. బయల్దేరడం ఆలస్యమైతే ప్రతి నిమిషానికీ కారణం రాయాలి. ఆ కారణాలకు ప్రపంచమంతా వాడే అంకెల కోడ్‌లు ఉంటాయి. ప్రయాణికుడు రాలేదంటే ఒక కోడ్, లోడింగ్ ఆలస్యమంటే ఒకటి, వేరే విమానం నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆగామంటే ఇంకొకటి. ఏ కోడ్ పడితే ఆ విభాగం మర్నాడు మీటింగ్‌లో జవాబు చెప్పుకోవాలి. "మనసు ఒప్పక ఆపాం" అనే కోడ్ ఆ జాబితాలో లేదు. 2011 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో సౌత్‌వెస్ట్ పైలట్ ఒకాయన, మనవణ్ణి ఆఖరిసారి చూడడానికి వెళ్తున్న ఒక తాత సెక్యూరిటీ క్యూలో ఇరుక్కున్నాడని తెలిసి 12 నిమిషాలు ఆగారు. స్వయంగా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ సంస్థ ఆయన్ని తప్పుపట్టలేదు, మెచ్చుకుంది. కానీ ఆగేటప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదు కదా. మెమో వస్తుందో మెచ్చుకోలు వస్తుందో తెలియకుండానే ఆగారు. ఈ రెండు కథలూ మనదాకా వచ్చాయంటే ఆ సాయం అందుకున్నవాళ్ళు నోరు విప్పి చెప్పబట్టే.

కాబట్టి మీరు రాయండి. రాస్తే అందుతుందా అన్నదానికి జవాబు: సరిగ్గా రాస్తే అందుతుంది.

పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. విమానం నంబరు, తేదీ ఉంటే ఆ రోజు ఏ విమానంలో ఏ క్రూ పనిచేశారో రోస్టర్‌లో, అంటే డ్యూటీల పట్టికలో ఉంటుంది. కౌంటర్ వాళ్ళకు మాత్రం చోటు, సుమారు టైము కూడా కావాలి: ఏ ఊరు, ఏ ట్రాన్సిట్ డెస్క్, ఉదయమా సాయంత్రమా. మీ బుకింగ్‌ను ముందు విమానానికి మార్చింది ఎవరో సిస్టమ్‌లోనే కనిపిస్తుంది, ఎందుకంటే ఎవరి లాగిన్ నుంచి మార్పు జరిగిందో నమోదవుతుంది. అందుకే పీఎన్‌ఆర్ తప్పకుండా రాయండి. బోర్డింగ్ పాసులు పారేసి ఉంటే మెయిల్‌లో టికెట్ ఉంటుంది, అది చాలు. పెద్దకర్మ అయ్యేదాకా రాయలేదు, ఆలస్యమైందేమో అని బాధపడ్డారు. ఆలస్యం ఏమీ కాలేదు. మైలలో ఎవరు ఉత్తరాలు రాస్తారమ్మా. రికార్డులు అంత త్వరగా చెరిగిపోవు. కాకపోతే ఇంకా సాగదీయకండి. మీ జ్ఞాపకంలో వివరాలు మసకబారుతాయి, అక్కడివాళ్ళు వేరే చోటుకు మారిపోతారు.

ఎక్కడ పంపాలంటే, విమాన సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు రాసే పేజీలోనే సాధారణంగా ప్రశంసకు వేరే ఆప్షన్ ఉంటుంది. అది ఎంచుకోండి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. శంషాబాద్‌లో మిమ్మల్ని కలిసిన కుర్రాడు ఆ విమాన సంస్థ ఉద్యోగి కాకపోవచ్చు. విదేశీ విమానాలకు ఇక్కడ నేలమీద పని చాలావరకు గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలు చేస్తాయి. మెడలో ఆ విమాన సంస్థ ట్యాగ్ ఉన్నా జీతం ఇచ్చేది వేరే కంపెనీ. అలాంటి కుర్రాళ్ళలో చాలామంది కాంట్రాక్ట్ మీద ఉంటారు. మీ ఉత్తరం విమాన సంస్థ హెడ్డాఫీసుకు పోయి అక్కడే ఆగిపోతే అతనికి అందదు. అందుకని ఉత్తరంలో "హైదరాబాద్ స్టేషన్ మేనేజర్‌కూ, అక్కడి గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీకీ ఇది పంపించండి" అని స్పష్టంగా ఒక వాక్యం రాయండి. వీలైతే విమానాశ్రయం వాళ్ళ ఫీడ్‌బ్యాక్ పేజీలో కూడా అదే పెట్టండి. కాంట్రాక్ట్ రెన్యువల్ టైములో ఫైల్లో ఒక ప్రశంసాపత్రం ఉండడం అతనికి చాలా పెద్ద విషయం. నా చేతుల మీదుగా ఆ ఫైళ్ళు వెళ్ళేవి కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు ఒక జాగ్రత్త. మంచి మనసుతోనే కొందరు వాళ్ళకు చిక్కు తెచ్చిపెడతారు. "ఎంత మంచివాళ్ళో, ఏడు కిలోల ఎక్స్‌ట్రా లగేజీకి డబ్బే తీసుకోలేదు", "లోపలికి రాకూడని చోటుకు మా తమ్ముణ్ణి రానిచ్చారు", "మా కోసం రూల్ పక్కన పెట్టారు" అని రాస్తారు. ఆ ఉత్తరం చదివే ఆడిట్ మనిషికి కన్నీళ్ళు కనిపించవు, ఎక్స్‌ట్రా లగేజీ కనిపిస్తుంది. ఎవరు అనుమతిచ్చారని ప్రశ్న పుడుతుంది. మీ ఉత్తరంలో అలాంటిది ఏదైనా ఉంటే తీసేయండి. వాళ్ళు మీతో ఎలా మాట్లాడారు, ఎంత ఓపిగ్గా ఉన్నారు, దానివల్ల మీకు ఏం దక్కింది అన్నది రాయండి. సాయాన్ని దాచమనడం లేదు, దాని లెక్క రాయొద్దంటున్నాను.

బహుమతి విషయం. డబ్బు అసలు వద్దు. అది వాళ్ళకు ఉద్యోగం పోయే సంగతి. ఖరీదైన వస్తువులకూ చాలా సంస్థల్లో నిషేధం ఉంటుంది, తీసుకున్నా పైకి చెప్పి అప్పగించాలి. తిరుగు ప్రయాణంలో మీకు మనసైతే సీలు విప్పని చాక్లెట్ డబ్బా ఒకటి క్యాబిన్ సూపర్‌వైజర్ చేతికిచ్చి "మీ అందరికీ" అనండి. అది ఆ రోజు మీకు సాయం చేసినవాళ్ళు కాకపోయినా ఫర్వాలేదు. సోషల్ మీడియాలో రాయాలనుకుంటే రాయండి, సంస్థ పేరు ట్యాగ్ చేయండి, కానీ సిబ్బంది ఫోటోలు వాళ్ళను అడక్కుండా పెట్టకండి. ఆడపిల్లలకైతే మరీ ఇబ్బంది.

టికెట్ డబ్బు సంగతి ఈ ఉత్తరంలో కలపకండి. ఇది నా అనుభవంలో తేలిన విషయం. ఒకే ఉత్తరంలో మెచ్చుకోలూ, రీఫండ్ అడగడమూ ఉంటే దాన్ని సార్టింగ్ చేసేవాళ్ళు ఫిర్యాదు కిందే వేస్తారు. రీఫండ్ సెక్షన్ వాళ్ళు "రూల్స్ ప్రకారం వీలుకాదు" అనో "ఇంత ఇస్తాం" అనో జవాబిచ్చి కేసు మూసేస్తారు. మెచ్చుకోలు అందులోనే సమాధి అవుతుంది. డబ్బు కోసం విడిగా రాయండి, మరణ ధ్రువీకరణ పత్రం, మీకూ ఆయనకూ సంబంధం చూపే కాగితం జతచేయండి. అమెరికా, కెనడాల్లో కొన్ని సంస్థలకు కుటుంబంలో చావు జరిగినప్పుడు ఇచ్చే ప్రత్యేక ఛార్జీలు ఉన్నాయి. డెల్టా, అలాస్కా, ఎయిర్ కెనడా అలాంటివి. వాటిని ప్రయాణానికి ముందే ఫోన్ చేసి అడగాలి, అయ్యాక అడిగితే సాధారణంగా ఇవ్వరు. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒకరికి తర్వాత కూడా అడగొచ్చని తప్పు చెప్పి, ఆ గొడవ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి, 2024లో సంస్థే డబ్బు కట్టాల్సి వచ్చింది. మీ సంస్థ రూల్ ఏమిటో దాని వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఒక్క మాట పక్కకు వెళ్ళి చెప్తాను. విమానాశ్రయంలో దుఃఖం ఎక్కువగా కనిపించేది ప్యాసింజర్ టెర్మినల్‌లో కాదు, కార్గోలో. గల్ఫ్ నుంచి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు వచ్చే శవపేటికలు అక్కడికే వస్తాయి. మరణ ధ్రువీకరణ, ఎంబామింగ్ (శవం పాడవకుండా చేసే పని) సర్టిఫికెట్, రాయబార కార్యాలయం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రద్దు చేసిన పాస్‌పోర్ట్, ఆపైన ఇక్కడ ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసు అనుమతి, ఇన్ని కావాలి. 2023 ఆగస్టులో కేంద్రం ఈ-కేర్ అనే పోర్టల్ పెట్టి ఈ అనుమతులను ఆన్‌లైన్ చేసింది. అంతకుముందు కాగితం కోసం రాత్రంతా కూర్చున్న కుటుంబాలను చూశాను. విమానంలో ఆ పేటికను తిండి పదార్థాల పక్కన పెట్టకూడదని నియమం ఉంది. దాని మీద ఇంకో పెట్టె పడకుండా చూసుకోవడం మాత్రం మా లోడర్లు ఎవరూ చెప్పకుండానే చేసేవాళ్ళు. కాగితాలు చదవలేని తల్లులకు మా క్లర్కు ఒకతను ఒక్కో కాగితం తెలుగులో చదివి చెప్పి, ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించేవాడు. ఒకసారి మెట్‌పల్లి వైపు నుంచి నోటుబుక్కు కాగితం మీద రాసిన ఉత్తరం వచ్చింది. తండ్రి శవాన్ని తీసుకెళ్ళిన బడిపిల్లవాడు రాశాడు. అందులో విమాన సంస్థ పేరు తప్పు, తేదీ లేదు. అయినా షిఫ్ట్ మొదలయ్యే ముందు బ్రీఫింగ్‌లో దాన్ని చదివి వినిపించాం. ఆ క్లర్కు దాన్ని జిరాక్స్ తీయించి ఇంటికి తీసుకెళ్ళాడు. అసలు కాగితం మా నోటీసు బోర్డు మీద చాలాకాలం ఉంది. అన్నయ్యగారికి వీలైతే ఈ పేరా చూపించండి. ఆయన మీద కోపం వద్దు. నాన్నగారి పక్కన ఐస్ బాక్స్ దగ్గర రెండు రాత్రులు కూర్చున్న మనిషికి విమానంలో ఎవరు నీళ్ళిచ్చారన్నది అంత ముఖ్యంగా అనిపించకపోవచ్చు.

ఉత్తరం ఎలా ఉండాలో నమూనా అడిగారు. మీది విదేశీ సంస్థ కాబట్టి ఇంగ్లీషులో రాయాలి, కానీ సారాంశం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా నంబరు విమానంలో, ఫలానా పీఎన్‌ఆర్‌తో ప్రయాణించాను. మధ్యలో మా నాన్నగారు మరణించారని తెలిసింది. ఫలానా విమానాశ్రయం ట్రాన్సిట్ డెస్క్‌లో సాయంత్రం ఆరు, ఏడు మధ్య డ్యూటీలో ఉన్న ఉద్యోగిని నేను ఏడుస్తుంటే కౌంటర్ వదిలి బయటికి వచ్చి నన్ను కూర్చోబెట్టారు, ముందు విమానంలో సీటు చూశారు. ఫలానా విమానం క్యాబిన్ సిబ్బంది నన్ను ఒంటరిగా వదల్లేదు. హైదరాబాద్‌లో నన్ను కలిసిన యువకుడు నా పెట్టె తీసి, మా అన్నయ్యకు ఫోన్ చేసి, ట్యాక్సీ ఎక్కించి వెళ్ళాడు. వీళ్ళందరి వల్ల నేను మా నాన్నగారి దహనానికి ముందు ఇంటికి చేరగలిగాను. వీళ్ళ పేర్లు నాకు తెలియవు. దయచేసి ఈ ఉత్తరం వాళ్ళకూ, వాళ్ళ పై అధికారులకూ, హైదరాబాద్ గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీకీ అందజేయండి."

అంతే. విశేషణాలు ఎక్కువ వద్దు. "దేవతలు", "మాటల్లో చెప్పలేను" లాంటివి రాస్తే చదివేవాళ్ళు త్వరగా దాటేస్తారు. "కౌంటర్ వదిలి బయటికి వచ్చి" అన్న నాలుగు మాటలు మేనేజర్ ఆగి చదువుతాడు, ఎందుకంటే రద్దీ టైములో కౌంటర్ వదలడం ఏమిటో అతనికి తెలుసు. అది రూల్ తప్పడం కాదు, కంగారు పడకండి. ఇమిగ్రేషన్‌లో మిమ్మల్ని ముందుకు పంపిన ఆఫీసరు గురించి కూడా రాశారు. వాళ్ళు విమాన సంస్థ మనుషులు కాదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ జవాన్లూ అంతే. వాళ్ళ గురించి విడిగా ఆయా శాఖలకు రాస్తేనే చేరుతుంది.

పంపగానే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని యాంత్రికంగా ఒక మెయిల్ వస్తుంది, దాంట్లో కేసు నంబరు ఉంటుంది. అది చూసి నిరాశపడకండి, ఆ నంబరు మాత్రం జాగ్రత్త చేయండి. నెల దాటినా మనిషి రాసిన జవాబు రాకపోతే అదే నంబరు వేసి ఒక్క లైను పంపండి: ఈ ఉత్తరం ఆ సిబ్బందికి చేరిందా, ఎవరికి పంపారు? అలా అడిగితే ఎవరో ఒకరు ఫైలు తెరిచి చూడక తప్పదు. జవాబు వస్తే ఇక్కడ రాయండి.